ఏడేళ్ళ పాపకి మొదటి రికార్డర్ ఏది కొనమంటారు?

పాప వాళ్ళమ్మ, విజయనగరం

నమస్కారమండీ. మా పాపకి మొన్ననే ఏడు నిండాయి, రెండో తరగతి చదువుతోంది. దానికి ఒక రికార్డర్ కొనాలి. పాటలు రికార్డు చేసేది కాదండీ, నిలువుగా పట్టుకుని ఊదే ఇంగ్లీషు పిల్లనగ్రోవి. ఏది కొనాలో తేల్చుకోలేక వారం రోజులుగా రాత్రిళ్ళు ఫోన్ పట్టుకుని కూర్చుంటున్నాను. కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఇదంతా పోయినేడు సిరిమాను పండగ నాడు మొదలైంది. మూడు లాంతర్ల దగ్గర అమ్మవారి దర్శనం చేసుకుని వస్తుంటే వాళ్ళ నాన్న దానికో పిల్లనగ్రోవి కొనిపెట్టారు. పచ్చరంగు ప్లాస్టిక్‌ది, ఆరు బెజ్జాలు, చివర ఈలలా ఉంటుంది, ఊదగానే మోగుతుంది. రెండు రోజులు ఊది మంచం కింద పడేస్తుందనుకున్నాను. పడెయ్యలేదు. బడి నుంచి రాగానే బ్యాగు గుమ్మంలో పెట్టేసి దాన్నే తీస్తుంది. మెట్ల మీద కూర్చుని వీధిలో ఐస్‌క్రీం బండి పాటని అచ్చం దించాలని చూస్తుంది. రాకపోతే మళ్ళీ మొదటి నుంచి.

మా మావయ్యగారికి హార్మోనియం ఉంది. ప్రతి శనివారం భజనకి వెళతారు. ఒక సాయంత్రం తాతా మనవరాలూ కలిసి వాయిద్దామని కూర్చున్నారు. ఆయన స పట్టారు, అది ఊదింది, కలవలేదు. ఒక మెట్టు పైకి వెళ్ళారు, కలవలేదు. నల్ల మెట్టు నొక్కారు, అదీ కలవలేదు. దాని స రెండు మెట్ల మధ్యలో ఎక్కడో ఉంది, పైగా గట్టిగా ఊదితే ఒకలా, మెల్లగా ఊదితే ఒకలా పోతోంది. ఆఖరికి చిన్నది ఏడుపు మొహం పెట్టి, "తాతయ్యా, నీ పెట్టె తప్పు చెబుతోంది" అంది. ఆయన దగ్గరకి తీసుకుని, "కాదు గుంటా, నీ చెవీ మంచిదే, నా పెట్టే మంచిదే. ఆ గొట్టానిదే తప్పు" అన్నారు. తర్వాత నన్ను పిలిచి, "దీనికి శ్రుతి ఉన్నది ఏదైనా కొనండమ్మా. శ్రుతి లేనిదాంతో అలవాటైతే చెవి పాడైపోద్ది" అన్నారు. ఆ మాట నా మనసులో పడిపోయింది.

సంక్రాంతికి విశాఖ నుంచి మా ఆడపడుచు కూతురు వచ్చినప్పుడు రికార్డర్ తెచ్చింది. వాళ్ళ బడిలో నేర్పుతారట. మా పాప దాన్ని చేతిలోకి తీసుకుని ఒక్కసారి ఊదింది. ఆ ధ్వని విని దాని కళ్ళు ఎంత పెద్దవయ్యాయో నేను చెప్పలేను. ఆ పిల్ల ఊరెళ్ళిపోయిన దగ్గర్నుంచి "అమ్మా, అలాంటిది" అని ఒకటే మాట.

ఇప్పుడు నా సందేహాలు. సొప్రానో, ఆల్టో అని రెండు రకాలు కనబడుతున్నాయి, పిల్లలకి ఏది? జర్మన్, బరోక్ అని ఇంకో తేడా ఉందట, జర్మన్ సులువని అమ్మేవాళ్ళు రాస్తున్నారు, నిజమేనా? చెక్కది మంచిదా, ప్లాస్టిక్ చాలా? దాని చెయ్యి కాగితం మీద పెట్టి పెన్సిల్‌తో గీశాను. బొటనవేలి కొస నుంచి చిటికెన వేలి కొస వరకు చాచితే పద్నాలుగు సెంటీమీటర్లు వచ్చింది, సరిపోతుందా? ముందు పళ్ళు రెండూ ఊడిపోయి ఉన్నాయి, ఇప్పుడు ఊదొచ్చా, కొత్త పళ్ళు వచ్చేదాకా ఆగాలా?

ఇంకొకటి. మా మావయ్యగారి కోరిక, మనవరాలు సరళీ వరుసలు, అంటే మన సంగీతంలో మొదటి పాఠాలు, వాయించాలని. సంగీత కళాశాల ఉన్న ఊళ్ళో ఉండి ఈ ఇంగ్లీషు గొట్టం ఎందుకు, తిన్నగా వేణువే కొనిపెట్టమని మా పక్కింటావిడ అంటున్నారు. తెలిసినవాళ్ళు చెప్పండి.


ఇద్దరు పిల్లల నాన్న, శ్రీకాకుళం

అమ్మా, నేను చేసిన పొరపాటు మీరు చెయ్యకూడదని రాస్తున్నాను.

మా పెద్దవాడికి ఎనిమిదో ఏట కొన్నాను. "మొదటిసారి నేర్చుకునేవారికి సులువు" అని చూసి జర్మన్‌ది తెప్పించాను. మొదటి ఆర్నెల్లు బాగానే ఉంది. ఇంగ్లీషువాళ్ళు ఎఫ్ అనే స్వరం దగ్గర వేళ్ళు వరుసగా మూసుకుంటూ వెళితే చాలు, అంతవరకు సులువన్న మాట నిజమే. ఆ తర్వాత వాడికి ఎఫ్ షార్ప్, అంటే ఎఫ్ కంటే అర మెట్టు పై స్వరం, వచ్చే పాట ఇచ్చారు. ఎంత ఊదినా తేడాగానే పలికేది. వాడు వేళ్ళు తప్పు పెడుతున్నాడని నేను కూర్చోబెట్టి మరీ కోప్పడ్డాను. తప్పు వాడిది కాదు. ఆ ఒక్క ఎఫ్‌ని సులువు చెయ్యడానికి బెజ్జాల కొలతలు మార్చడంతో మిగతా స్వరాలు కొన్ని చెడ్డాయి. పాపం, వాణ్ణి అన్న మాటలు ఇప్పటికీ గుర్తొస్తాయి.

తర్వాత బరోక్‌ది కొన్నాం. వేళ్ళకి పాత అలవాటు పోవడానికి రెండు నెలలు పట్టింది. చిన్నదానికి మొదటి నుంచీ బరోకే ఇచ్చాం, దానికి ఎఫ్ కష్టమన్న సంగతే తెలీదు.

కొనేటప్పుడు పెట్టె మీద రాత ఒక్కటే నమ్మకండి. మాకు ఒకసారి బరోక్ అని చెప్పి జర్మన్ పంపించారు. ముందువైపు బెజ్జాలు పై నుంచి లెక్కపెట్టండి. నాలుగోదాని కంటే ఐదోది చిన్నగా ఉంటే అది జర్మన్. ఐదోదే పెద్దగా ఉంటే బరోక్. యమహాలో వైఆర్‌ఎస్-23 జర్మన్, వైఆర్‌ఎస్-24బి బరోక్. చూడ్డానికి రెండూ కవల పిల్లల్లా ఉంటాయి, ఆ చివరి "బి" అక్షరం చూసుకోవాలి. మేం కొన్నప్పుడు వెయ్యి రూపాయల లోపే పడింది.

పళ్ళ సంగతి టెన్షన్ పడకండి. దీన్ని పళ్ళతో కరిచి పట్టుకోకూడదు, పెదవులతోనే పట్టుకోవాలి. మా చిన్నది బోసి నోటితోనే మొదలుపెట్టింది.


వేణువు టీచర్, విజయనగరం

అమ్మా, మీ మావయ్యగారు చెప్పిన మాట బంగారం. నేను చాలా ఏళ్ళుగా వేణువు నేర్పుతున్నాను. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలు వస్తే ఈమధ్య ముందు రికార్డరే చేతికిస్తున్నాను. ఎందుకో చెబుతాను.

వేణువులో గాలిని మలచాల్సింది మన పెదవులు. ఊపిరిని సన్నటి పట్టీలా చేసి బెజ్జం అవతలి అంచుకి తగిలించాలి. పెద్దవాళ్ళకే మొదటి వారం ఉత్త గాలి తప్ప ఏమీ రాదు. పైగా దాన్ని అడ్డంగా పట్టుకుని చేతులు పక్కకి చాచాలి. ఏడేళ్ళ పిల్లకి భుజం లాగేస్తుంది. రోజూ పావుగంట ఊదినా మోగకపోతే ఆ పిల్ల ఎన్నాళ్ళు ఊదుతుంది? రికార్డర్‌లో ఆ పెదవుల పని మూతిలో ఉన్న సన్నటి దారే చేసేస్తుంది. గాలిని తిన్నగా తీసుకెళ్ళి పదునైన అంచు మీద పెడుతుంది. పిల్ల చూసుకోవాల్సింది ఎంత ఊదాలి, ఏ వేలు మూయాలి, ఈ రెండే. తొమ్మిదో ఏటో పదో ఏటో వేణువుకి మారితే, వేళ్ళతో బెజ్జం మూయడం, ఊపిరి పొదుపు, నాలుకతో స్వరం విడగొట్టడం అప్పటికే వచ్చేసి ఉంటాయి. పెదవులు ఒక్కటే కొత్తగా నేర్చుకోవాలి. మీ పక్కింటావిడకి ఇదే చెప్పండి. వేణువుని కాదనడం లేదు, దానికి ఇంకా టైముంది.

సొప్రానోయే కొనండి. దాని పొడుగు సుమారు ముప్పై మూడు సెంటీమీటర్లు. ఆల్టో పెద్దది, వేళ్ళ మధ్య దూరం ఎక్కువ, మీ పాప చేతికి అందదు. సొప్రానినో అని ఇంకా చిన్నది ఉంది కానీ మొదటిదిగా వద్దు. దాని బెజ్జాలు మరీ దగ్గర, ధ్వని మరీ సన్నం. సొప్రానోలో కూడా అడుగు బెజ్జాలు ఇప్పుడే అందకపోవచ్చు. దానికి కంగారు పడకండి, మొదటి నెలల్లో కుడిచేతి వేళ్ళతో పనే లేదు. మూడు ముక్కలుగా విడేది తీసుకోండి. చివరి ముక్కని కొద్దిగా పక్కకి తిప్పితే చిటికెన వేలికి బెజ్జం దగ్గరవుతుంది.

ఇక శ్రుతి సంగతి. ఇది మీ మావయ్యగారికి చదివి వినిపించండి, ఆయనకి వెంటనే అర్థమవుతుంది. సొప్రానోలో అన్ని బెజ్జాలూ మూస్తే సి, అంటే ఒకటి శ్రుతి స. ఆ స చిన్నపిల్లలకి అన్నిటికంటే కష్టం, ఎనిమిది బెజ్జాలూ ఒక్క చుక్క గాలి పోకుండా మూయాలి. అందుకే నేను అక్కడ మొదలుపెట్టను. జి స్వరాన్ని స అనుకోండి, అంటే ఐదు శ్రుతి. ఎడమచేతి బొటనవేలు వెనక బెజ్జం మీద, ముందు మూడు వేళ్ళు వరుసగా మూడు బెజ్జాల మీద పెడితే స. ఉంగరం వేలు ఎత్తితే రి. మధ్య వేలు కూడా ఎత్తితే గ. మ కి బొటనవేలు అలాగే ఉంచి, ముందు మధ్య వేలు ఒక్కటే పెట్టాలి. ఆ మధ్య వేలు అలా ఉంచి బొటనవేలు తీసేస్తే ప. స రి గ మ ప, ఐదు స్వరాలూ ఎడమ చేత్తోనే వచ్చేశాయి చూడండి. కుడిచెయ్యి కింద ఊరికే పట్టుకుని ఉంటే చాలు. మీ మావయ్యగారు హార్మోనియం మీద ఐదో తెల్ల మెట్టు పట్టుకుంటే తాతా మనవరాలు మొదటి వారంలోనే కలిసి వాయించొచ్చు. ఆడపిల్ల గొంతుకి కూడా ఐదు శ్రుతి హాయిగా ఉంటుంది. ముందు పాడించి, తర్వాత ఊదించండి.

పైన శ్రీకాకుళం ఆయన ఎఫ్ షార్ప్ గురించి రాశారు. ఐదు శ్రుతిలో శంకరాభరణం రాగం వాయిస్తే నిషాదం, అంటే ని, అదే అవుతుంది. స కింద ని పట్టగానే జర్మన్‌ది ఇబ్బంది పెడుతుంది. మనవాళ్ళకి బరోక్ కావాలనడానికి నా కారణం ఇదే.

సరళీ వరుసల గురించి ఉన్నమాట చెప్పాలి. మనం మాయామాళవగౌళ రాగంలో మొదలుపెడతాం. అందులో శుద్ధ రిషభం, శుద్ధ ధైవతం, అంటే అర మెట్టు కిందకి ఉండే రి, ద ఉంటాయి. రికార్డర్ మీద ఆ రెండు స్వరాలకీ మధ్యలో ఒక వేలు ఎత్తి కింది వేళ్ళు మూసే పట్లు పట్టాలి, కొన్నిచోట్ల సగం బెజ్జం మూయాలి. ఏడేళ్ళ వేళ్ళకి అది హింస. నేనైతే సరళీ వరుసలు నోటితో మాయామాళవగౌళలోనే పాడిస్తాను. రికార్డర్ మీద మాత్రం స రి గ మ ప లతో చిన్న చిన్న అలంకారాలు వాయిస్తారు. కుడిచెయ్యి కుదిరాక ఒకటి శ్రుతిలో మోహన చెబుతాను. స రి గ ప ద, అంటే సి డి ఇ జి ఎ. అందులో మధ్యమం లేదు కాబట్టి ఎఫ్ గొడవే రాదు. పిల్లలకి ఆ రాగం ఎంత ఇష్టమో, ఒకసారి పట్టుకుంటే వదలరు.

ఊదడం గురించి ఇంకొంచెం రాస్తాను. నూటికి తొంభైమంది పిల్లలు చెడగొట్టుకునేది ఇక్కడే. జాతరలో కొన్న ఈలని ఊదినట్టు దీన్ని ఊదకూడదు. కళ్ళజోడు తుడుచుకోవడానికి అద్దం మీద ఆవిరి పడేలా "హా" అంటాం చూడండి, దాదాపు అంత గాలి చాలు. పోయినేడు ఒక పిల్లాడు మొదటి రోజున బుగ్గలు పూరించి ఊదాడు, వీధిలో కుక్క లేచి అరిచింది. నేను ఏమీ అనకుండా, "నాన్నా, ఈ పక్క ఉయ్యాల్లో చెల్లి నిద్రపోతోంది, లేవకూడదు, దానికి వినబడేలా మాత్రం ఊదు" అన్నాను. వాడు ఒకసారి ఖాళీ మూల వైపు చూశాడు, భుజాలు దించాడు, ఊదాడు. గుండ్రంగా, నిలకడగా గ వచ్చింది. ఆ తర్వాత వాడు గట్టిగా ఊదినప్పుడల్లా "చెల్లి" అంటే చాలు. ప్రతి స్వరానికీ నాలుక కొసతో మెత్తగా "తు" అనమనండి, లేకపోతే స్వరాలన్నీ ఒకదాంట్లోకి ఒకటి జారిపోతాయి.

వేళ్ళ కొసలతో కాదు, మెత్తతో మూయాలి. సరిగ్గా మూసిందో లేదో తెలుసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. ఊదకుండా వేళ్ళు పెట్టి కొంచెం గట్టిగా నొక్కి, తీసి చూడమనండి. ప్రతి వేలి మెత్త మీదా గుండ్రటి అచ్చు నిండుగా పడాలి. సగం చందమామలా పడితే ఆ వేలు పక్కకి జరిగిందన్నమాట. ఈ అచ్చులు చూసుకోవడం పిల్లలకి ఆటలా ఉంటుంది.


రైలు తాతయ్య, బొబ్బిలి

నేను రైల్వేలో చేసి రిటైరయ్యాను. సంగీతం వినడమే కానీ నేర్చుకున్నది తక్కువ. చెక్కదా ప్లాస్టికా అని అడిగారు కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

కర్ర విలువ తెలిసిన ఊరు మాది. పనస దుంగని తొలిచి ఒకే కర్రలో వీణ చేసేవాళ్ళు మా ఊళ్ళో ఉన్నారు. అందుకని నాకు మేనల్లుడు చెక్క రికార్డర్ తెచ్చి ఇచ్చినప్పుడు ఎంతో సంతోషపడ్డాను. మొదటి వేసవి బాగానే మోగింది. వానలు పడ్డాక అతుకు ఉబ్బి ముక్కలు ఊడదీయడానికి రాలేదు. వాయించాక తుడవకుండా సంచిలో పెట్టేశాను, లోపల బూజు పట్టింది. కొత్త చెక్కదాన్ని మొదట్లో రోజుకి కాసేపే వాయించాలని, లోపల నూనె రాయాలని అప్పుడు తెలిసింది. ఏడేళ్ళ పిల్ల ఇవన్నీ చెయ్యలేదు, మన వాతావరణంలో పెద్దవాళ్ళకే కష్టం. ప్లాస్టిక్‌దైతే గోరువెచ్చటి నీళ్ళలో కాస్త సబ్బు వేసి కడిగేసుకోవచ్చు. చెక్కది పెద్దయ్యాక కొనుక్కుంటుంది. ఎండలో నిలిపిన కారులో మాత్రం ప్లాస్టిక్‌ది కూడా వదలకండి, వంగిపోతుంది.

మీ పాపకి ఏడేళ్ళు అన్నారు కాబట్టి ఒక సంగతి గుర్తొచ్చింది. ఈ రికార్డర్ యూరప్‌లో ఒకప్పుడు గొప్పగా వెలిగింది. తర్వాత అడ్డంగా ఊదే ఫ్లూట్ పైకొచ్చి దీన్ని పక్కకి నెట్టేసింది. వందేళ్ళకి పైగా దాదాపు మూలన పడి ఉంది. ఇంగ్లండ్‌లో ఆర్నాల్డ్ డాల్మెష్ అని పాత వాయిద్యాలని బాగుచేసి వాయించే ఆయన దగ్గర పద్దెనిమిదో శతాబ్దం నాటి రికార్డర్ ఒకటి ఉండేది, బ్రెసాన్ అనే పనివాడు చేసింది. 1919లో లండన్ వాటర్లూ స్టేషన్‌లో ఆయన కొడుకు కార్ల్ దాన్ని పెట్టిన సంచిని ప్లాట్‌ఫాం మీద మరచిపోయాడు. ఆ పిల్లాడికి అప్పుడు ఏడేళ్ళు. ఆ నష్టం తట్టుకోలేక డాల్మెష్ తనే కొత్తది చెయ్యడానికి కూర్చున్నాడు. ఈ కాలంలో రికార్డర్లు మళ్ళీ తయారవడానికి ఆ పని పెద్ద దారి వేసింది. ఆ పిల్లాడే పెరిగి పేరున్న రికార్డర్ విద్వాంసుడయ్యాడు.

ప్లాట్‌ఫాంల మీద మరచిపోయిన సంచులు నా సర్వీసులో ఎన్ని చూశానో. టిఫిన్ క్యారియర్లు, గొడుగులు, ఒకసారి సన్నాయి కూడా. ప్రతిసారీ దాని వెనక ఒక ఇల్లు కనబడేది. అందుకే ఈ కథ చదివినప్పుడు ఆ పిల్లాడికి ఆ రోజు ఎలా ఉండిందో అని చాలాసేపు ఆలోచించాను. మన విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రిన్సిపాల్‌గా సంగీత కళాశాల మొదలైంది కూడా 1919లోనే. రెండూ ఒకే ఏడని తెలిసినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది.

పాప సంచి మీద ఫోన్ నంబరు రాయండమ్మా.


పాప వాళ్ళమ్మ, విజయనగరం

నెల తర్వాత రాస్తున్నాను, ఏమీ అనుకోకండి. పరీక్షలు, పెళ్ళిళ్ళు, అన్నీ ఒకేసారి వచ్చాయి.

బరోక్ సొప్రానో, ప్లాస్టిక్‌దే తెప్పించాం. పెట్టె రాగానే ముందు నేను నాలుగో బెజ్జం, ఐదో బెజ్జం చూశాను. ఐదోదే పెద్దది. శ్రీకాకుళం అన్నయ్యగారూ, మీకు థాంక్స్. మూడు ముక్కలు, తుడిచే పుల్ల, సంచి, వేళ్ళ పట్టిక వచ్చాయి. సంచి లోపలివైపు ఫోన్ నంబరు రాశానండీ తాతయ్యగారూ. మీ వాటర్లూ కథ పాపకి చెప్పాను. "ఆ అబ్బాయిని వాళ్ళ నాన్న కొట్టారా?" అని అడిగింది. కొట్టలేదు, కొత్తది చేశారు అన్నాను. అప్పటి నుంచి ఎక్కడికి తీసుకెళ్ళినా సంచి తాడు మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుంటోంది.

మొదటి రోజు మావయ్యగారు ఐదో తెల్ల మెట్టు పట్టారు. టీచర్‌గారు చెప్పినట్టు ముందు పాడించాం, తర్వాత ఊదింది. కొద్దిగా పైకి ఉందన్నారు. మళ్ళీ తేడా వచ్చిందని దాని మొహం మాడిపోయింది, నాకూ గుండె జారింది. మావయ్యగారు పట్టిక వెనక ఉన్న బొమ్మ చూసి, తల ముక్కని ఒక పిసరు బయటికి లాగారు. రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. మళ్ళీ ఊదమన్నారు. ఈసారి హార్మోనియం ఎక్కడ ఆగిందో, పాప ఎక్కడ మొదలుపెట్టిందో నాకు తెలియలేదు. పాప ఊదుతూనే కళ్ళెత్తి తాతయ్య వైపు చూసింది. ఆయన తిత్తి కొట్టడం ఆపలేదు, తల ఊపారంతే.

ఇప్పుడు స రి గ వస్తున్నాయి. మ కూడా పర్వాలేదు. కానీ గ నుంచి స కి దిగేటప్పుడు పదిసార్లలో నాలుగుసార్లు కీచుమంటోంది. వాయించడం మొదలుపెట్టిన పది నిమిషాలకి గొంతు పూడుకుపోయినట్టు మూగబోతోంది కూడా. పాడైందేమోనని భయంగా ఉంది. ఇంకొకటి, నాలుగేళ్ళ తమ్ముడు ఉన్నాడు, వాడూ దాన్నే ఊదుతానని గోల. ఇవ్వచ్చా?


వేణువు టీచర్, విజయనగరం

చాలా సంతోషంగా ఉందమ్మా. తల ముక్క లాగాలని మీ మావయ్యగారికి తోచడం ఎంత బాగుందో. గొట్టం పొడుగైతే శ్రుతి దిగుతుంది. వాయించి వేడెక్కిన కొద్దీ శ్రుతి కాస్త పైకి పోతుంది కూడా, అందుకని కూర్చోగానే కాకుండా ఐదు నిమిషాలు ఊదాక సరిచూసుకోమనండి.

కీచుమనడానికి కారణం నూటికి నూరుపాళ్ళూ వేళ్ళే. గ నుంచి స కి దిగాలంటే మధ్య వేలు, ఉంగరం వేలు రెండూ ఒక్కసారే పడాలి. ఉంగరం వేలికి బలం తక్కువ, అది ఆలస్యంగా వస్తుంది, లేదా అంచు మీద పడుతుంది. అచ్చులు చూడండి. దానితోపాటు బొటనవేలు కూడా చూడండి. పిల్లలు ముందు వేళ్ళు చూసుకోవాలని గొట్టాన్ని పైకి తిప్పుతారు, అప్పుడు వెనక బొటనవేలు జారి సన్నటి సందు పడుతుంది. దాంతో స్వరం పైకి ఎగిరిపోతుంది. అద్దం ముందు నిలబెట్టి వాయించమనండి, అప్పుడు కిందికి వంగి చూసుకోవాల్సిన అవసరం ఉండదు. గ నుంచి స కి తిన్నగా వద్దు, ఒక వారం గ రి స, గ రి స అని మెట్టు మెట్టుగా దించమనండి.

మూగబోవడం పాడవడం కాదు. ఊపిరిలోని తేమ ఆ సన్నటి దారిలో నీటి బొట్లుగా చేరుతుంది. తల మీద ఉన్న కిటికీ లాంటి బెజ్జాన్ని వేలితో మెత్తగా మూసి మూతిలోంచి ఒక్కసారి గట్టిగా ఊదితే బొట్లు బయటికి వచ్చేస్తాయి. మొదలుపెట్టే ముందు తల ముక్కని చంకలోనో అరచేతుల్లోనో కాసేపు వెచ్చబెడితే తేమ తక్కువ చేరుతుంది. ఆ దారిలోకి పిన్నీసు, అగ్గిపుల్ల లాంటివి మాత్రం ఎప్పుడూ దూర్చకండి. లోపలి అంచు మీద ఒక్క గీత పడినా ఆ ధ్వని తిరిగి రాదు.

తమ్ముడికి ఇవ్వద్దు. జలుబు, దగ్గు ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటాయి. నాలుగేళ్ళవాడు మూతిని కొరుకుతాడు కూడా. వాడికి ఆ జాతర పచ్చ పిల్లనగ్రోవి ఇచ్చేయచ్చేమో, పాప ఒప్పుకుంటే.


పాప వాళ్ళమ్మ, విజయనగరం

అడిగానండీ. ఇచ్చింది. ఇచ్చేముందు తనే పంపు కింద సబ్బు పెట్టి కడిగి, తువ్వాలుతో తుడిచి, "మెల్లగా ఊదాలి, పక్కన పాప నిద్రపోతోంది" అని వాడికి చెప్పి మరీ ఇచ్చింది.